దవాఖాన చీటీలో లేని మాట

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదట! ఈ సామెతను వినని ఇల్లు తెలుగునాట లేదు. నవ్వుటకే దానిని వాడుచుందుము గాని, చరిత్ర చదువుకొన్నవాని చేతికిచ్చినచో అందుండి చాల సంగతులు బయటపడును. అందు దెబ్బ వార్త కాదు. దెబ్బ ఎండవానల వలె వచ్చిపోవునది. వార్త యగునది నవ్వు. గాయమైనందుకంటె గాయమైనట్లు పదుగురికి తెలిసినందుకు బాధ యెక్కువ యని ఆ సామెత భావము. అట్టి సామెతను ఉగ్గుపాలతో విన్న ఇల్లాలు మరునాడు దవాఖానకు పోయి, వాచిన చేయి చూపి, 'ఏమైనదమ్మా' యని డాక్టరు అడిగినప్పుడు ఏమి చెప్పును? 'గడప తట్టుకొని పడితిని' అనును. డాక్టరు దానినే వ్రాసికొనును. వెనుక వరుసలో నలుబదిమంది నిలిచియుందురు గదా.

ఆ చీటీలోనికి ఎక్కకుండ పోయిన మాటకు ఒక చరిత్ర కలదు. ఉత్తర తెలంగాణమున కరీంనగరము, ఆదిలాబాదు సీమలను దృష్టియందుంచుకొని దానిని కొంత చెప్పదలచితిమి. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు మొదలగు కొత్త జిల్లాలు ఏర్పడినవి. పాత కథ చెప్పునప్పుడు పాత పేర్లే నోటికి వచ్చును గనుక మేము వాటినే వాడుచున్నాము.

నిజాం ప్రభుత్వ కాలమున, కరీంనగరము ఇంకను ఎలగందల జిల్లాగా నున్న రోజులలో, ఆలుమగల తగవు దవాఖాన ముఖము చూచునది కాదు. పల్లెలో నాటువైద్యుడు కట్టు కట్టును, మంత్రసాని కాపడము పెట్టును, పెద్దమనుషులు పంచాయితీ చేయుదురు. కాయకష్టము చేసికొను కులములలో ఆడదానికి ఒక దారి తెరచియే యుండెను. పొసగనప్పుడు పదిమందిలో 'ఇడుపు కాయితము' వ్రాయించుకొని మారుమనువు పోవచ్చును. భూవసతియు, పరువును గల కులములలో ఆ దారి మూసివేయబడినది. పరువు హెచ్చిన కొలది గోడలు ఎత్తగును, గోడలు ఎత్తైన కొలది అరుపు బయటికి వినరాదు. పేదయింటి గుడిసెలోనే దెబ్బలున్నవని తలచువారు ఈ సంగతి గమనింపవలెను.

ఆదిలాబాదు అడవులలోని రాజగోండుల ఆచారమును 1940 తరువాతి దశకమున పరిశీలించిన హైమెన్‌డార్ఫ్ పండితుడు, ఇష్టము లేని మగనిని విడిచి మరియొకని యింటికి పోవు స్వేచ్ఛ గోండు స్త్రీకి గలదని వ్రాసియున్నాడు. పంచ్ కూర్చుండి కొత్త మగడు పాత మగనికి ఇయ్యవలసిన పరిహారమును నిర్ణయించును. ఇది చదివి అడవిలో స్వర్గమున్నదని మురిసిపోవుట తగదు. పంచ్ లెక్కకట్టునది మగవాని నష్టమునే గాని ఆమె ఒంటిమీది దెబ్బను కాదు. ఐనను పొమ్మనుటకు ఒక వాకిలి యుండుట, లేకపోవుటల మధ్య భేదము చిన్నది కాదు.

ఇంటి గుట్టును వైద్యుడు బయటపెట్టుట మన దేశమున ఎప్పుడు మొదలైనదని వెదకినచో 1890వ సంవత్సరము చెప్పుకొనదగినది. ఆ కాలమున కలకత్తాలో ఫూల్‌మణి యను పదేండ్ల పైబడిన బాలవధువు భర్త చేతిలో రక్తస్రావమై మరణించినది. అప్పుడు మానెల్ మాన్సెల్ అను వైద్యురాలి ప్రేరణచే పలువురు మహిళావైద్యులు తాము స్వయముగా చికిత్స చేసిన బాలభార్యల గాయములను ఒక్కొక్కటిగా వ్రాసి వైసరాయికి మహజరు పంపిరి. ధర్మశాస్త్ర వచనములతో వాదించుకొనుచున్న సభలోనికి దవాఖాన పుస్తకము నడచివచ్చినట్లైనది. 1891లో సమ్మతి వయస్సు పది నుండి పన్నెండునకు పెరిగినది. పెరిగినది రెండేండ్లే! పైగా అది బ్రిటిషు ఇండియా శాసనము. నిజాం రాజ్యమునకు అది తనంతట వర్తించునది కాదు.

ఇది మన దేశపు జాడ్యము మాత్రమే యని పాశ్చాత్యులు అనుకొనుటకు వీలులేదు. 1878లో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను విదుషి ఇంగ్లండులో భార్యలను హింసించు తీరును గూర్చి వ్యాసము వ్రాయగా, ఆ యేడే అక్కడి పార్లమెంటు, భార్యను ఘోరముగా కొట్టినందుకు శిక్షపడిన భర్తనుండి ఆమె వేరుగా నుండుటకు ఉత్తరువు నిచ్చు అధికారమును మేజిస్ట్రేటులకు ఒసగినది. తరువాత నూరేండ్లకు, 1979లో, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రికి గాయములతో వచ్చిన 481 మంది స్త్రీల కాగితములను ఇవాన్ స్టార్క్, ఆన్ ఫ్లిట్‌క్రాఫ్ట్ మొదలగువారు తిరుగవేసిరి. ముప్పదియైదుగురిలో ఒకతె మాత్రమే దెబ్బలు తిన్నదని వైద్యులు గుర్తించిరి. కాగితములను ఓపికతో చదివినచో నలుగురిలో ఒకతె అట్టిదని తేలినది. మాటిమాటికి వచ్చు అట్టివారికి 'నరముల బలహీనత' యని పేరుపెట్టి నిద్రమాత్రలిచ్చి పంపుచుండిరట. న్యూహేవెను పట్టణపు డాక్టరుకును మన మెట్‌పల్లి డాక్టరుకును ఈ విషయమున భేదము కనబడదు.

ఇక మరల మన సీమకు వత్తము. 1946 నుండి సాగిన తెలంగాణ పోరాటమున గ్రామ సంఘములు భూమి తగవులతో పాటు ఆలుమగల తగవులను గూడ విచారించినవి. ఆనాటి స్త్రీల అనుభవములను వారి నోటనే చెప్పించి స్త్రీ శక్తి సంఘటనవారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథముగా వెలువరించిరి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగిన పిదప కరీంనగరము పల్లెలలో మరల సంఘములు పుట్టినవి. దొర గడీలో జరుగుచుండిన పంచాయితీ సంఘము ముంగిటికి మారినది. కొట్టిన మగనిని పదిమందిలో నిలబెట్టి అడుగుట ఆ దినములలో కొత్త సంగతి. కాని ఆ యేడు ముగియక ముందే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. పోలీసు క్యాంపులు వెలసిన ఊళ్లలో స్త్రీ తన ఇంటి గోడు చెప్పుకొన పోలీసు ఠాణాకు పోవుట యెట్లు? ఠాణా మెట్లెక్కినచో దాని అర్థము వేరుగా నుండెడిది. ఆ భయము తరువాతి కాలమున దవాఖానకు గూడ అంటుకొన్నదని మా అభిప్రాయము. ఏల యనగా పెద్దదవాఖానలో దెబ్బ అని చెప్పిన వెంటనే అది మెడికో లీగల్ కేసు అగును, ఠాణాకు కబురు పోవును. కేసు వలదనుకొన్న స్త్రీ దవాఖాననే వలదనుకొని ఊళ్లోని ఆర్.ఎం.పి. వద్దకు పోయి సూదిమందు వేయించుకొని, నాలుగు గోలీలు కొంగున కట్టుకొని ఇంటికి వచ్చును.

సారా సంగతి చెప్పక ఈ కథ సాగదు. 1980 తరువాతి దశకమున ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేర సారాను పొట్లములలో పల్లె పల్లెకు చేర్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీప్తి పాఠములు చదువుకొన్న స్త్రీలు రోశమ్మగారి వెంట లేచి సారా అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతటను ప్రాకినది. 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో మద్యనిషేధము ఎత్తివేయబడినది. కూలి డబ్బు పోవుచున్నదనియు, మగడు తాగివచ్చి కొట్టుచున్నాడనియు స్త్రీలు బజారులో నిలిచి బిగ్గరగా చెప్పిరి. సామెతలోని తోడికోడలు నవ్వుట మాని పక్కన నిలిచిన మొదటి సందర్భమదే యేమో! అది ఘనకార్యము. కాని నేరమంతయు పొట్లము మీదికి పోయి, పొట్లము విప్పిన చేతి మీదికి కొంచెమే వచ్చినది. తరచు తాగి మైమరచువారి యిండ్లలో ఈ బాధ పెక్కు రెట్లున్నమాట నిజమే. ఐనను బొత్తిగా తాగని భర్తలు గల స్త్రీలలోను ఐదుగురికి ఒకరికి తక్కువ గాక దెబ్బలు తిన్నవారున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పుచున్నది.

ఆ సర్వే అంకెలు మరి రెండు మూడు ఇక్కడ చెప్పుట అవసరము. 2019–21 సర్వేలో తెలంగాణమున 18 నుండి 49 ఏండ్ల వయస్సు గల వివాహిత స్త్రీలలో నూటికి 36.9 మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతి హింసను అనుభవించినట్లు చెప్పిరి. అంతకు ముందటి 2015–16 సర్వేలో అది 42.9. దేశము మొత్తము మీద 29.3. తగ్గినందుకు సంతోషింపవలసినదే గాని, దేశపు సగటుకంటె మనమే ముందున్నామన్న మాట మరువరాదు. అన్నిటికంటె మమ్ము ఆలోచింపజేసిన అంకె వేరొకటి. చెప్పకుండ బయటికి పోయినందుకో, ఎదురు చెప్పినందుకో, అత్తమామలను గౌరవింపనందుకో, వంట చెడినందుకో భర్త కొట్టుట న్యాయమేయని తెలంగాణ స్త్రీలలోనే నూటికి 84 మంది ఒప్పుకొనిరి. దేశమంతట హింసను అనుభవించినవారిలో నూటికి 77 మంది ఎవరికిని చెప్పలేదు, ఎవరి సహాయమును కోరలేదు. సహాయము కోరినవారు 14 మంది. వారిలోను ఎక్కువమంది పుట్టింటికే చెప్పిరి. వైద్యునికి చెప్పినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

వైద్యునికి చెప్పలేదన్నంత మాత్రమున వైద్యుని వద్దకు పోలేదని కాదు. ఇక్కడనే చిక్కున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో లోకమందలి పరిశోధనలన్నిటిని కూర్చి ఒక నివేదిక వెలువరించినది. భర్త లేక సహచరుని హింసకు గురియైన స్త్రీలలో గాయపడినవారు నూటికి 42 మందియట. తక్కిన సగమునకు పైగా స్త్రీలకు చూపుటకు గాయమే లేదు. వారికి మనోవ్యాకులత యను జబ్బు ఇతరులకంటె ఇంచుమించు రెండింతలు. తక్కువ బరువుతో బిడ్డ పుట్టు అవకాశము వారిలో నూటికి 16 వంతులు హెచ్చు. తలనొప్పి, నడుమునొప్పి, పొత్తికడుపు నొప్పి, నిద్రలేమి, తెల్లబట్ట, అరుగుదల లేకపోవుట, ఇవియే ఆమె వైద్యునికి చెప్పు మాటలు. మా ఆరోగ్య ప్రసంగములకు స్త్రీలు వ్రాయు ఉత్తరములలో గూడ ఇవియే యుండును. నడుమునొప్పికి ఏ నూనె మంచిదని అడుగుదురు. నొప్పి యెప్పుడు మొదలైనదో వ్రాయరు.

ఈ సీమలో ఆ నొప్పిని మరుగుపరచుటకు వేరొక కారణము గూడ సిద్ధముగా నున్నది, అది పని. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో వేలకొలది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించుచు, తంబాకు చుట్టుచు, వంచిన నడుము ఎత్తక బీడీలు చేయుదురు. ఆమెకు నడుమునొప్పి యన్నచో బీడీల వలన ననుటకు డాక్టరు తడుముకొననక్కరలేదు. ఆ మాట అబద్ధము గాదు గనుకనే చిక్కు. రెండు కారణములున్నచోట చెప్పుటకు సులువైన దానిని ఇరువురును ఎన్నుకొందురు. ఐనను బీడీ స్త్రీకి ఒక మేలు జరిగినది. 1976 నాటి బీడీ కార్మిక సంక్షేమనిధి చట్టము వలన ఆమెకు తన పేరనే గుర్తింపు కార్డు, దానితోపాటు ఔషధశాలకు పోవు హక్కు లభించినవి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబావుల కాలనీలలో కథ తిరుగబడినది. సింగరేణి వారి దవాఖానలు పల్లెల దవాఖానలకంటె ఎంతో మేలైనవి. కాని అందు కార్మికుని భార్యకు ప్రవేశము అతని ఉద్యోగము ద్వారా, అతనిపై ఆధారపడినదిగా లభించునది. చేయి విరిచినవాని పేరు చెప్పియే ఆ చేతికి కట్టు కట్టించుకొనవలెను! ఇక గల్ఫు దేశములకు పోయినవారి యిండ్లలో మగడు లేనన్నాళ్లు అత్తమామల అనుమతి లేనిదే డాక్టరు వద్దకు పోరానివారును కలరు. దవాఖాన ఎంత దూరమున్నదో కొలుచునప్పుడు ఈ దూరమును గూడ కొలువవలెను.

చట్టముల మాటకు వత్తము. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినను, కిరసనాయిలు స్టవ్వు పేలినదను కథ ఆసుపత్రి కాలినగాయముల వార్డులో చాలకాలము చెల్లుబడి యైనది. 1983లో శిక్షాస్మృతికి 498-ఎ సెక్షను చేర్చిరి. అందు ఒక చిన్న పదమున్నది, దానిని గూర్చి న్యాయవాదులు తప్ప ఎవరును మాటలాడరు. క్రూరత్వ మనగా స్త్రీ ప్రాణమునకో, అవయవమునకో, 'ఆరోగ్యము'నకో, అది శారీరకమైనను మానసికమైనను సరే, అపాయము కలిగించునది యని ఆ సెక్షను వివరణ. 2024 జులై నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షనులుగా ఆ మాటలే కొనసాగుచున్నవి. అనగా మానసికారోగ్యమును చెరచుట నేరమని శాసనము నలువదేండ్ల క్రితమే ఒప్పుకొన్నది. కాని దానిని రుజువుచేయగల కాగితము పుట్టవలసినది దవాఖానలో. అక్కడ కాగితము మీద 'గడప తట్టుకొని పడినది' యని యున్నది.

దవాఖానయే ముందుగా అడుగవలెనను ప్రయత్నము మన దేశమున బొంబాయిలో మొదలైనది. 2000 సంవత్సరమున బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో సెహత్ అను సంస్థయు నగర పాలక సంస్థయు కలసి 'దిలాసా' యను కేంద్రమును తెరచినవి. అంతకు కొంచెము ముందే అదే నగరమున జె.జె. ఆసుపత్రి అత్యవసర విభాగపు రికార్డులను పరిశీలించినవారికి, వచ్చిన స్త్రీలలో పెద్దపాలు ఇంటి హింస వలన వచ్చినట్లో, వచ్చినట్లు అనుమానింపదగినట్లో కనబడినది. దిలాసాలో నర్సులకు, డాక్టరులకు నేర్పినది పెద్ద విద్య యేమియు కాదు. వెంట వచ్చిన భర్తను బయట కూర్చుండబెట్టుట, తలుపు దగ్గరగా వేయుట, 'ఇంట్లో ఎవరైన కొట్టినారా అమ్మా' యని మెల్లగా అడుగుట, చెప్పినదానిని చెప్పినట్లు వ్రాయుట. మన రాష్ట్రమున 'సఖి' కేంద్రములు వచ్చినవి. కరీంనగరము, ఆదిలాబాదులలోను అవి యున్నవి. వైద్యము, న్యాయసలహా, కొద్దిదినముల ఆశ్రయము ఒక్కచోట దొరకును. 181 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

ఐనను ఇంటింటికి తెలియవలసిన సంగతి మరియొకటి యున్నది. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ నిచ్చు చట్టము 2005లో పుట్టి 2006 అక్టోబరు 26 నుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము, వైద్యము కావలెనని బాధితురాలు అడిగినప్పుడు దవాఖాన అధికారి ఇచ్చి తీరవలెను. ఫిర్యాదు కాగితము లేదను సాకుతో త్రిప్పి పంపరాదు. ఆ కాగితము అంతకు ముందు ఎవరును వ్రాయకయున్నచో దవాఖాన అధికారియే మొదటి నమూనాను నింపి రక్షణాధికారికి పంపవలెను. వైద్య పరీక్ష నివేదిక ప్రతిని పైసా తీసికొనక ఆమె చేతికి ఇయ్యవలెను. ఇది నియమావళిలోని 17వ నియమము. ఆ నమూనా కాగితమున ఏ విధముగానైన దెబ్బ తగిలించుట మొదలు తిట్టుట, డబ్బు ఇయ్యకపోవుట, ఇంటినుండి గెంటుట వరకు వరుసగా గళ్లు గీచియున్నవి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని అడుగు గడి గూడ ఉన్నది. గడప తట్టుకొని పడుటకు మాత్రము అందు గడి లేదు.